సూపర్‌హీరో సిరీస్‌లలో లాజిక్, కంటిన్యుటీ: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో సీరియళ్లకూ వెబ్ సిరీస్‌లకూ కంటిన్యుటీ చూసే అసోసియేట్‌ని నేను. అంటే షాట్ మారినా బట్టలు, గాయాలు, వస్తువులు ముందు షాట్‌తో పొంతన కుదిరేలా చూడటం నా పని. సాలిగ్రామంలో మా బిల్డింగ్‌లో సగం మంది తెలుగువాళ్లే. కొందరివి నాలాంటి షూటింగ్ పనులు, కొందరివి ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. సెలవురోజు నలుగురం చేరితే ‘ద ఫ్లాష్’, ‘డేర్‌డెవిల్’ లాంటి అమెరికన్ సూపర్‌హీరో సిరీస్‌ల గురించి వాదన మొదలవుతుంది, అర్ధరాత్రి దాకా తెగదు. నాకు ఆ వాదనలంటే చాలా ఇష్టం. అయితే వాటిలో పదే పదే వినపడే కొన్ని మాటలు మా పని తెలియకపోవడం వల్ల వచ్చినవి. అందుకే ఈ పోస్టు.

అపోహ: మనిషి గాల్లో ఎగరడమే అబద్ధం, ఇంక లాజిక్ ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట ఇదే. సరిగ్గా తలకిందులుగా ఉన్న మాట కూడా ఇదే. మామూలు కుటుంబ కథలో నియమాలు ప్రేక్షకుడికి ముందే తెలుసు. తలుపు తాళం వేసి ఉంటే లోపలికి పోలేం, కత్తి తగిలితే రక్తం వస్తుంది. ఆ సంగతి రచయిత విడిగా చెప్పనక్కర్లేదు. సూపర్‌హీరో కథలో మాత్రం నియమాలన్నీ రచయితే పెట్టాలి, పెట్టినవాటికి తనే కట్టుబడాలి. హీరో ఎంత బరువు ఎత్తగలడు, ఎంతసేపటికి అలసిపోతాడు, దేనికి లొంగుతాడు అన్నవి తేలకపోతే ఫైట్‌లో టెన్షనే ఉండదు.

1997లో దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’ మొదలైనప్పుడు, కళ్లజోడు, ఎత్తుపళ్లు పెట్టుకున్న గంగాధరే శక్తిమాన్ అని ఆఫీసులో ఎవరూ పోల్చుకోలేకపోవడాన్ని మనం ఒప్పేసుకున్నాం. అది కథ మనతో కుదుర్చుకున్న ఒప్పందం. అలాంటివి ఒకటి రెండు అడిగితే ప్రేక్షకుడు సంతోషంగా ఇస్తాడు. తగువు వచ్చేదల్లా ఒప్పందం మధ్యలో మారినప్పుడే. ధ్వని కంటే వేగంగా పరిగెత్తే ఫ్లాష్, విలన్ కెప్టెన్ కోల్డ్ తుపాకీ ఎత్తి గురి చూసేదాకా ఎదురుగా ఎందుకు నిలబడతాడు, ఆ తుపాకీ లాక్కోవచ్చు కదా అని మా అంతస్తులో ఉండే తమ్ముడు అడుగుతాడు. ఆ ప్రశ్నలో నూటికి నూరుపాళ్లు న్యాయం ఉంది. నిన్నటి ఎపిసోడ్‌లో చేయగలిగిన పని ఇవాళ చేయలేకపోతే, ఎందుకు చేయలేకపోయాడో ఒక్క ముక్కయినా చెప్పాలి.

అపోహ: ఫిజిక్స్ తప్పితే రియలిజం పోయినట్టే

మ్యాక్ 1 అంటే ధ్వని వేగం, గంటకు సుమారు 1,235 కిలోమీటర్లు. ఆ వేగంతో పది మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు తిరిగితే శరీరం మీద పడే బలం గురుత్వాకర్షణకు దాదాపు 1,200 రెట్లు. మనిషి బతికే ప్రసక్తే లేదు. ఫ్లాష్ కామిక్స్‌లో ‘స్పీడ్ ఫోర్స్’ అనే శక్తిని కల్పించుకుని ఆ సందేహాలకు దాన్నే జవాబుగా పెట్టారు. మనం ఒప్పుకుని ముందుకు వెళ్లాం. అంటే లెక్క తప్పినంత మాత్రాన కథ చెడదు.

మరోవైపు అదే ఫిజిక్స్ కథకు ప్రాణం పోసిన సందర్భం ఉంది. 1973లో స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో హీరో ప్రేయసి గ్వెన్ స్టేసీ వంతెన మీద నుంచి పడిపోతుంది. హీరో సాలెగూడు దారం విసిరి పట్టుకుంటాడు, కానీ ఆమె చనిపోతుంది. ఉదాహరణకు 60 మీటర్లు పడిందనుకోండి, మూడున్నర సెకన్లలో వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగాన్ని ఒక్క మీటరులో ఆపేస్తే 60 రెట్ల గురుత్వ బలం. నేల తగిలినా, దారం ఆపినా మెడకు పెద్ద తేడా లేదు. కాపాడబోయిన చెయ్యే ప్రాణం తీసిందేమో అన్న ఆ బాధ పాఠకులను దశాబ్దాల పాటు వెంటాడింది. పడుతున్న మనిషిని చివరి అంగుళంలో ఒడిసి పట్టుకునే సీన్ ఎప్పుడు చూసినా నాకు గ్వెనే గుర్తొస్తుంది.

ఫిజిక్స్ కంటే నేను ముందు చూసేది అలసటను. ‘డేర్‌డెవిల్’ మొదటి సీజన్ రెండో ఎపిసోడ్‌లోని కారిడార్ ఫైట్‌ను ఇన్నేళ్లయినా జనం ఎందుకు తలుచుకుంటారు? ఒకే షాట్‌లా కనపడటం ఒక్కటే కారణం కాదు. హీరో అప్పటికే దెబ్బలు తిని ఉన్నాడు. గోడకు ఆనుకుంటాడు, ఊపిరి తీసుకుంటాడు. పడ్డవాడు పడ్డట్టే ఉండిపోకుండా మళ్లీ లేచి వస్తాడు. కొట్టేవాడికీ ఒళ్లు నొప్పి పుడుతోందని మనకు తెలుస్తుంది. అందుకే నమ్ముతాం.

అపోహ: షాట్ మారగానే కప్పు చోటు మారింది, సెట్లో ఎవరూ చూసుకోలేదు

చూసుకుంటాం. ఏ డైలాగ్ మీద ఏ చేత్తో కప్పు ఎత్తారో రాసి పెట్టుకుంటాం, ఫొటో తీసుకుంటాం. అయినా మూడో టేక్‌లో నటి కంట్లో నిజమైన నీళ్లు వచ్చి, కప్పు కుడిచేతిలో ఉండి, ముందు షాట్‌లో ఎడమచేతిలో ఉంటే ఎడిటర్ ఏం చేయాలి? మంచి ఎడిటర్ కన్నీటినే ఎంచుకుంటాడు. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్‌లో దేనికెంత విలువ ఇవ్వాలో లెక్క చెప్పాడు: భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10. వస్తువులు, మనుషులు ఎక్కడున్నారన్న స్థల కంటిన్యుటీకి చివరి స్థానం, 4 శాతం. ఆ నాలుగు శాతం కోసమే జీతం తీసుకునే నేను కూడా ఆయన చెప్పింది సరైనదేనంటాను.

అసలు కష్టం గాయాలతో. షూటింగ్ కథ క్రమంలో జరగదు, లొకేషన్ క్రమంలో జరుగుతుంది. హీరో కనుబొమ్మ చిట్లే ఫైట్‌కి నైట్ ఎఫెక్ట్ కావాలి, సెట్టు ఇంకా సిద్ధం కాలేదు. ఆ తర్వాత ఆస్పత్రి సీను మాత్రం ముందే తీసేయాలి. అంటే ఇంకా తగలని దెబ్బకు ముందే మచ్చ వేయాలి. ఎడమ కనుబొమ్మా, కుడి కనుబొమ్మా? రక్తం తడిగా ఉందా, ఎండిందా, పక్కు కట్టిందా? కమిలిన చోటు మొదట ఎర్రగా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో నీలంగా మారుతుంది, వారం తిరిగేసరికి ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు. కథలో ఎన్ని రోజులు గడిచాయో లెక్కగట్టి ఆ రంగు మేకప్‌మ్యాన్‌కి చెప్పాలి. సూట్ కూడా అంతే. శుభ్రమైనది, భుజం చిరిగింది, ఛాతీ కాలింది అని ఒకే సూట్‌కు వేర్వేరు దశల కాపీలు ఉంటాయి. కాల్షీట్‌లో ఏ సీన్‌కి ఏ దశ అన్నది తప్పితే ఆ రోజు పని మొత్తం ప్యాచ్ వర్క్‌కి, అంటే మళ్లీ తీయడానికి పోతుంది.

మా ఊళ్లో దీనికి తోడు చెమట. మే నెలలో ఏసీ లేని షూటింగ్ ఫ్లోర్‌లో రబ్బరు సూట్ వేసుకున్న నటుడి మెడ దగ్గర రెండు టేకుల మధ్యే తడి గీత కిందికి జారుతుంది. క్లోజప్ ముందు తీశామా, వైడ్ ముందు తీశామా అన్నదాన్ని బట్టి ఆ గీత తెర మీద వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది. సజెషన్ షాట్ (ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లను చూపించే షాట్) పెట్టే ముందు తుడవాలో, స్ప్రే కొట్టాలో చెప్పేది నేనే. ఈసారి ఏదైనా ఎపిసోడ్‌లో హీరో మెడ చూడండి.

అపోహ: కామిక్స్‌లో అలా లేదు కాబట్టి సిరీస్ చేసింది తప్పు

1938లో తొలిసారి వచ్చినప్పుడు సూపర్‌మ్యాన్ ఎగరలేదు, గెంతాడంతే. అతన్ని బలహీనపరిచే రాయి క్రిప్టోనైట్ మొదట వినపడింది 1943లో రేడియో నాటకంలో. జోకర్‌కి తోడుగా ఉండే హార్లీ క్విన్ పుట్టింది 1992లో బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సిరీస్‌లో. ‘యారో’ టీవీ సిరీస్ కోసం సృష్టించిన జాన్ డిగల్ ఆ తర్వాత కామిక్స్‌లోకి వెళ్లాడు. ఈ పాత్రలు మొదటి నుంచీ అటూ ఇటూ అప్పులు తీసుకుంటూనే పెరిగాయి. మూలానికి భిన్నంగా ఉందా అన్నది నాకు చిన్న ప్రశ్న. సిరీస్ తన మాట మీద తను నిలబడిందా అన్నదే పెద్దది.

అపోహ: మల్టీవర్స్ అంటే తప్పులు కప్పిపుచ్చుకునే ముసుగు

మల్టీవర్స్ అంటే ఒకే కథాలోకంలో పక్కపక్కనే వేర్వేరు భూములు ఉండటం. అపోహలో అన్నది కొన్నిసార్లు నిజమే, కాదనను. కానీ పుట్టుక అలాంటిది కాదు. 1961లో ఒక ఫ్లాష్ కామిక్‌లో కొత్త ఫ్లాష్ బ్యారీ అలెన్, తాను చిన్నప్పుడు కామిక్స్‌లో చదివిన పాత ఫ్లాష్ జే గారిక్‌ను మరో భూమి మీద కలుస్తాడు. పాత పాత్రను చెరిపేయకుండా గౌరవంగా పక్కన నిలబెట్టడానికి చేసిన అందమైన ఏర్పాటది. తర్వాత భూములు ఎక్కువై గందరగోళమైతే, 1985లో మొదలైన ‘క్రైసిస్ ఆన్ ఇన్‌ఫినిట్ ఎర్త్స్’ కామిక్ సిరీస్ వాటిని ఒక్కటి చేసింది. 2019 డిసెంబర్, 2020 జనవరిలో అదే పేరుతో వేర్వేరు సిరీస్‌ల హీరోలను కలిపిన టీవీ క్రాసోవర్ వచ్చింది. నాకు నచ్చనిదొక్కటే: చనిపోయిన మనిషి ఇంకో భూమి నుంచి నడిచి వచ్చేస్తే, పోయినవాళ్ల కోసం ఏడ్చిన పాత్రల ఏడుపు ఏమవుతుంది? ఆ దుఃఖం కూడా కంటిన్యుటీయే. తిరిగొచ్చిన ముఖాన్ని చూసి తడబడే ఒక్క సీను రాసినా చాలు.

అపోహ: తప్పులు వెతికేవాళ్లు అభిమానులే కారు

1960లలో మార్వెల్ కామిక్స్‌లో స్టాన్ లీ ‘నో-ప్రైజ్’ అని ఒకటి ఇచ్చేవాడు. తప్పు పట్టుకున్నవాళ్లకు ఖాళీ కవరు వచ్చేది, మీ బహుమతి లోపల ఉందని పైన రాసి. క్రమంగా తప్పు పట్టుకోవడం ఒక్కటే సరిపోలేదు. అది తప్పెందుకు కాదో కథలోంచే కారణం చూపించినవాళ్లకు ఆ గౌరవం దక్కింది. మా మేడ మీద వాదనల్లో నేను కోరేదీ ఆ రెండో పనే. కెప్టెన్ కోల్డ్ తుపాకీ సంగతికి మా తమ్ముడు మూడు కారణాలు అల్లాడు. రెండింటిని నేను కొట్టేశాను, మూడోదానికి ఇంకా జవాబు దొరకలేదు.