పద్దెనిమిది నిండాక ఆ మందుల చీటీ ఎవరు రాయాలి?

ఇంగ్లండ్‌లో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని రుగ్మత) మందులు ఇక మేం రాయబోమంటున్న జీపీల (కుటుంబ వైద్యుల) మీద మళ్లీ దుమారం రేగింది. పిల్లల క్లినిక్ దాటి, పెద్దల క్లినిక్ ఇంకా అందని కుర్రకారు మధ్యలో నలుగుతున్నారు. రుగ్మత ఏమిటో, మందు ఎలా పనిచేస్తుందో చాలామందికి తెలిసిందే. తగాదా ముడి మాత్రం 2018 మార్చిలో చికిత్సా ప్రమాణాలు రాసే నైస్ సంస్థ తెచ్చిన ఎన్‌జీ87 మార్గదర్శకాల్లో పడింది.

నిర్ధారణ, మందు మొదలుపెట్టడం, డోసు కుదర్చడం స్పెషలిస్టు చూడాలని, డోసు నిలకడగా ఉన్నాక చీటీ, పరీక్షలు ‘షేర్డ్ కేర్’ ఒప్పందం కింద జీపీతో కలిసి సాగాలని అందులో రాశారు. జీపీల జాతీయ కాంట్రాక్టులోని తప్పనిసరి సేవల్లో మాత్రం ఈ పని లేదు. స్థానిక ఆరోగ్య బోర్డు విడిగా డబ్బు కట్టిన చోట కట్టింది, లేని చోట లేదు. డబ్బు రాని చోట జీపీలు చేస్తూ వచ్చింది మొహమాటపు చాకిరీయే.

ఆ చాకిరీ చిన్నదేం కాదు. ఆరు నెలలకోసారి నాడి, బీపీ, బరువు చూడాలి. పిల్లలకైతే ఎత్తు కూడా. పదేళ్లలోపు వాళ్లకు బరువు మూడు నెలలకోసారి. డోసు మార్చిన ప్రతిసారీ ముందూ తర్వాతా నాడి, బీపీ. ఊరికే కూర్చున్నప్పుడు కూడా నాడి 120 దాటి అలాగే ఉంటే డోసు తగ్గించి స్పెషలిస్టుకు పంపాలి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్, లిస్‌డెక్సామ్‌ఫెటమిన్ గట్టి నియంత్రణలో ఉండే షెడ్యూల్ 2 మందులు గనుక చీటీ 28 రోజులకే చెల్లకుండా పోతుంది. ఒకసారికి 30 రోజులకు మించి రాయొద్దన్నది సలహా. అంటే ఒక్కొక్కరికి ఏడాదికి పన్నెండు సంతకాలు. సంతకం ఎవరిదో బాధ్యత వాళ్లదేనని వైద్యుల నియంత్రణ సంస్థ జనరల్ మెడికల్ కౌన్సిల్ చెబుతుంది.

అందుకే పద్దెనిమిదో ఏడు దగ్గర బండి ఆగుతుంది. నిపుణులు ఏడాదికోసారైనా మందును సమీక్షించాలి. పిల్లల క్లినిక్ ఫైలు మూసేసి, పెద్దల క్లినిక్ వరుస ఏళ్ల తరబడి సాగితే, జీపీ చేతిలో మిగిలేది డోసు రాసి ఉన్న పాత ఉత్తరం. అనుమానం వస్తే అడగడానికి అవతల ఎవరూ ఉండరు. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీకని ఊరు మారితే కొత్త జీపీ ఆ ఒప్పందానికి మళ్లీ ఒప్పుకోవాలి. చివరి సమీక్ష ఉత్తరం, ఒప్పందం ప్రతి, ఈమధ్య తీసిన బీపీ, బరువు అంకెలు దగ్గర పెట్టుకుని, చేతిలో నెల మందు ఉండగానే నమోదు చేయించుకోవడం మేలు. హైదరాబాద్ నుంచి చదువుకు వెళ్లేవాళ్లు కూడా ఇక్కడి చీటీ చూసి అక్కడి జీపీ అదే మందు రాసిస్తాడని లెక్క వేసుకోకూడదు.

2023 సెప్టెంబరులో మందుల కొరత మొదలైంది. ఒక మందు దొరక్క మరోదానికి మారితే డోసు మళ్లీ కుదర్చాలి. స్పెషలిస్టు చేయాల్సిన ఆ పని గురించిన ఫోన్లన్నీ జీపీలకే వచ్చాయి. ఇంకోపక్క ఎక్కడ చూపించుకోవాలో రోగే ఎంచుకునే ‘రైట్ టు చూజ్’ కింద, ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుతో ప్రైవేటు సంస్థలు నిర్ధారణ చేసి, తామెన్నడూ చూడని జీపీలకు ఉత్తరాలు పంపుతున్నాయి. 2024 ఆగస్టు 1న వైద్యుల సంఘం బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ పిలుపుతో జీపీలు సామూహిక చర్యకు దిగినప్పుడు, డబ్బు రాని స్వచ్ఛంద పనులు వదులుకోవడం అందులో ఒక అస్త్రం. షేర్డ్ కేర్ ఆ గీత లోపలే ఉంది.

నిలకడగా ఉన్నవాళ్లందరినీ తామే అట్టిపెట్టుకుంటే కొత్తవాళ్లకు చోటెక్కడని స్పెషలిస్టులు అడుగుతున్నారు. 2025 జూన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ ఏడీహెచ్‌డీ టాస్క్‌ఫోర్స్ మధ్యంతర నివేదిక కూడా ఈ సేవ స్పెషలిస్టులకే పరిమితం కాకూడదంది. జీపీలు దానికి అడ్డు చెప్పడం లేదు. శిక్షణ, డబ్బు, ఫోనెత్తే స్పెషలిస్టు ముందు ఉండాలంటున్నారు.