నట్టలకు టీకా ఎందుకు ఆలస్యమవుతోందంటే

బిడ్డలకు,

దేవరకొండ బడిలో కడుపులో నట్టలు, అంటే పురుగులు, పోయేందుకు ఆల్బెండజోల్ గోలీలు ఇచ్చిన రోజు మీరు ఒక మాట అడిగారు: "పోలియోకు చుక్కలున్నాయి కదా తాతా, కడుపులో పురుగులకు టీకా ఎందుకు లేదు?" పశువుల దవాఖానలో పనిచేసినవాణ్ణి కాబట్టి గొర్రెతోనే మొదలుపెడతాను.

వానాకాలంలో మంద వెనక పడిపోతున్న గొర్రెను పట్టుకుని కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఒక్కోసారి దవడ కింద నీరు కూడా దిగుతుంది. నాలుగో పొట్టలో హీమాంకస్ అనే నట్టలు చేరి రక్తం తాగేస్తున్నాయన్నమాట. ఆడ నట్ట ఒంట్లో ఎరుపు, తెలుపు మెలికలు కనిపిస్తాయి. ఎరుపు తాగిన రక్తం, తెలుపు గుడ్ల గొట్టాలు. నట్టల మందు తాగిస్తే చస్తాయి గానీ, మేతతో పాటు పిల్ల పురుగులు మళ్లీ లోపలికి పోతాయి. మోతాదు తగ్గించి అదే మందు తాగిస్తూ పోతే, మందుకు చావని నట్టలే మిగిలి పెరుగుతాయి.

ఆస్ట్రేలియాలో 2014లో దీనికి బార్బర్‌వ్యాక్స్ అనే టీకా వచ్చింది. నట్ట పేగు గోడలో ఉండే ప్రొటీన్లతో దాన్ని చేస్తారు. టీకా వేసిన గొర్రె రక్తంలో ఆ ప్రొటీన్లను పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. నట్ట రక్తంతో పాటు వాటినీ తాగుతుంది, దాని పేగు పనిచేయడం మానేస్తుంది. ఎంత తెలివైన ఉపాయమో చూడండి! కానీ ఆ ప్రొటీన్ కోసం గొర్రెల పొట్టల్లోంచి నట్టలనే ఏరి తేవాలి.

అంత కష్టం లేకుండా, ఆ ప్రొటీన్ జన్యువును బాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పెట్టి ట్యాంకుల్లో పెంచితే అవే ప్రొటీన్‌ను చేసి పెడతాయి. రీకాంబినెంట్ ప్రొటీన్ అంటే ఇదే. హీమాంకస్ దగ్గర మాత్రం ఇలా చేసినవి అసలు ప్రొటీన్లంత బాగా పనిచేయలేదు. ప్రొటీన్ మడత, దానికి అంటుకునే చక్కెరలు తేడా వస్తే, తాళంచెవికి ఒక పన్ను వంగినట్టే, తాళం తెరుచుకోదు.

పందుల్లో మాత్రం ఈ పద్ధతి గెలిచింది. పంది బద్దెపురుగు గుడ్లు మురికి చేతుల వల్లో, కడగని కూరగాయల వల్లో మన కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ వస్తాయి. పందుల్లో ఆ పురుగును ఆపే టీసోల్ 18 టీకాను హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఈస్ట్‌తో తయారుచేసింది. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్ల పురుగును, అది కండలో స్థిరపడకముందే యాంటీబాడీలు చంపేస్తాయి.

ఇక మనుషుల సంగతి. కొంకిపురుగు (హుక్‌వార్మ్) మీద చేసిన ఒక టీకాను బ్రెజిల్‌లో పరీక్షించినప్పుడు, అంతకుముందే ఆ పురుగు సోకినవాళ్లలో కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. వెంటనే ఆపేశారు, ఆపడమే సరైన పని. తర్వాత వేరే ప్రొటీన్లు ఎంచుకుని మళ్లీ పరీక్షలు మొదలుపెట్టారు. ఆ పనిలో ఉన్న అమెరికా శాస్త్రవేత్తలు పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొట్టాజీల బృందమే కరోనా కాలంలో తమకు తెలిసిన ఈస్ట్ పద్ధతిని హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ కంపెనీకి అందించింది. 2022లో మీ అన్నలకు, అక్కలకు బడి వయసులో వేసిన కరోనా టీకా కార్బెవ్యాక్స్ అలా వచ్చిందే.

మీ తాత