మూడు నిమిషాల డాక్టరు, ముప్పై నిమిషాల చికిత్స: జపాన్‌లో ఆందోళనకు సీబీటీ వెనుక కథ

2016 ఏప్రిల్‌లో జపాన్ ఆరోగ్య శాఖ ప్రభుత్వ బీమా ధరల పట్టికను సవరించినప్పుడు అందులో ఒక వరుస పొడుగైంది. అప్పటిదాకా డిప్రెషన్ వంటి మూడ్ జబ్బులకే బీమా వర్తించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (బాధ పెంచే ఆలోచనలనూ అలవాట్లనూ పరీక్షించి మార్చుకునే మాటల చికిత్స), పొట్టిగా సీబీటీ, ఆ నెల నుంచి సోషల్ యాంగ్జయిటీ (నలుగురిలో కలిగే భయం), పానిక్ (హఠాత్తుగా విరుచుకుపడే ప్రాణభయం), ఓసీడీ (వదలని ఆలోచనలు, చేసిందే మళ్లీ చేయడం), పీటీఎస్‌డీ (ఘోర అనుభవం తర్వాత మిగిలిపోయే భయం)లకూ వర్తించింది. చివరి రెండింటినీ మానసిక జబ్బుల అమెరికా వర్గీకరణ 2013లోనే ఆందోళన రుగ్మతల నుంచి వేరు చేసింది. అయినా జపాన్‌లో పరిశోధన ఈ నాలుగింటి మీదా కలిసే నడిచింది కాబట్టి ఇక్కడా కలిపే చెప్పుకోవాలి.

ఈ చికిత్స జపనీయులకు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు పరిశోధన సూటిగానే జవాబిచ్చింది. ఎవరు చేయాలి, ఎంతసేపు చేయాలి, ఆ సమయానికి డబ్బు ఎవరిస్తారు అన్న దగ్గరే బండి ఆగింది.

జపాన్‌కు ఆందోళన చికిత్స పరాయిది కాదు. షికోకు ద్వీపంలోని కోచి ప్రాంతంలో 1874లో పుట్టిన మొరితా షోమా టోక్యోలోని జికెయ్ వైద్య కళాశాలలో సైకియాట్రీ బోధించారు. విద్యార్థిగా ఉన్నప్పుడు గుండెదడతో, ప్రాణభయంతో ఆయనే బాధపడ్డారు. 1919 ప్రాంతంలో రోగులను తన ఇంట్లోనే ఉంచుకుని నాలుగు దశల చికిత్సకు రూపమిచ్చారు. మొదట వారం రోజులు పూర్తి పడక. తిండికీ కాలకృత్యాలకూ తప్ప లేవకూడదు, చదవకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆందోళన వస్తే రానివ్వాలి. విసుగు పుట్టి ఏదో ఒకటి చేయాలనిపించేసరికి రెండో దశలో చిన్న చిన్న పనులు, రోజూ డైరీ. మూడో దశలో తోటపని, కట్టెలు కొట్టడం వంటి బరువు పనులు. నాలుగో దశలో బయటికి వెళ్లి మామూలు జీవితానికి అలవాటు పడటం.

దీని వెనుక మొరితా చెప్పిన సూత్రం గుర్తుపెట్టుకోదగ్గది. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే దృష్టి అటు వెళ్తుంది, దృష్టి పెట్టేకొద్దీ దడ ఇంకా పెద్దగా తెలుస్తుంది, తెలిసేకొద్దీ దృష్టి అక్కడే చిక్కుకుంటుంది. ఈ చిక్కునే ఆయన ‘తొరవరె’ అన్నారు. విరుగుడు ‘అరుగమామా’, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వడం. 1986లో బ్రిటన్‌లో సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ పానిక్‌కు ఇచ్చిన వివరణలోనూ ఇలాంటి వలయమే కనిపిస్తుంది. అయితే దారులు వేరు. మొరితా భయపు ఆలోచనతో వాదించరు, దాన్ని పక్కన ఉండనిచ్చి చేతికి పని ఇస్తారు. సీబీటీ ఆ ఆలోచనను ఒక జోస్యంగా రాయించి, అది నిజమవుతుందో లేదో బయటికెళ్లి చూసిరమ్మంటుంది.

మొరితా ఎక్కువగా చూసిన బాధల్లో ‘తైజిన్ క్యోఫుషో’ ఒకటి. మనుషుల ఎదుట కలిగే భయమని అర్థం. మన మొహమాటం ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి ఇది మొదలవుతుందని అనుకోవచ్చు. ఇందులో ముఖం ఎర్రబడుతుందన్న భయం, తన చూపు ఎదుటివారిని ఇబ్బంది పెడుతుందన్న భయం, తన ఒంటి వాసన నలుగురికీ బాధ కలిగిస్తోందన్న భయం, తన ఆకారం వికారంగా ఉందన్న భయం అని రకాలున్నాయి. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల సోషల్ యాంగ్జయిటీలో ‘నన్ను చూసి నవ్వుతారేమో’ అన్నది ముఖ్యం. ఇక్కడ ‘నా వల్ల వాళ్లకు కష్టం కలుగుతోంది’ అన్నది తోడవుతుంది. 1994లో అమెరికా వర్గీకరణ దీన్ని ఒక సంస్కృతికి పరిమితమైన జబ్బుల జాబితాలో వేసింది. 2013 సంచికలో సోషల్ యాంగ్జయిటీ ప్రమాణాల్లోనే ఇతరులను నొప్పిస్తానన్న భయాన్ని చేర్చారు. జపాన్ వైద్యులు శతాబ్దం కిందే రాసిపెట్టిన లక్షణం అలా అందరి ప్రమాణాల్లోకి ఎక్కింది.

ఆ తర్వాత మందుల కాలం వచ్చింది. ఫ్లూవోక్సమిన్‌కు 1999లో డిప్రెషన్, ఓసీడీలకు, పారోక్సెటిన్‌కు 2000లో డిప్రెషన్, పానిక్‌లకు జపాన్‌లో అనుమతి దొరికింది. సోషల్ యాంగ్జయిటీకి ఫ్లూవోక్సమిన్‌ను 2005లో ఒప్పుకున్నారు. వీటికి ముందూ తర్వాతా డాక్టర్లు ఆందోళనను వెంటనే తగ్గించే బెంజోడయజెపైన్ మాత్రలు విరివిగా రాశారు. దడ వచ్చినప్పుడు మాత్రమే వేసుకునే మాత్రను అక్కడ ‘తొంపుకు’ అంటారు. సీబీటీ చేసేవారికి ఈ మాట ముఖ్యం, ఎందుకో కింద చూద్దాం.

మందులతోపాటే పరిశోధన కూడా నడిచింది. ఫుకుఒకాలోని క్యుషు విశ్వవిద్యాలయం 2005లో ప్రచురించిన యాదృచ్ఛిక పరీక్షలో, అంటే ఎవరు ఏ గుంపో చీటీ తీసినట్టు నిర్ణయించే పరీక్షలో, 31 మంది ఓసీడీ రోగులను మూడు గుంపులు చేశారు. 12 వారాల తర్వాత బిహేవియర్ థెరపీ గుంపు ఫ్లూవోక్సమిన్ గుంపు కంటే బాగా మెరుగుపడింది. నగోయా సిటీ విశ్వవిద్యాలయం 2007లో 57 మంది సోషల్ యాంగ్జయిటీ రోగులకు చేసిన గ్రూప్ సీబీటీ ఫలితాలను వెల్లడించింది. పోల్చడానికి వేరే గుంపు లేకపోయినా, ఇంగ్లీషు మాట్లాడే దేశాల పద్ధతిని జపాన్ అవుట్‌పేషెంట్ విభాగంలో నడపవచ్చని దానితో తేలింది. 1995లో కోబె భూకంపం, టోక్యో మెట్రోలో సరిన్ గ్యాస్ దాడి రెండు నెలల తేడాలో జరిగాక పీటీఎస్‌డీ అన్న మాట ఇంటింటికీ తెలిసింది. ఆ జబ్బుకు, భయపెట్టే జ్ఞాపకాన్నీ సందర్భాన్నీ కొంచెం కొంచెంగా ఎదుర్కోనిచ్చే ఎక్స్‌పోజర్ థెరపీ మీద 24 మందితో చేసిన పరీక్ష 2010లో వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడుకోవాల్సింది చిబా విశ్వవిద్యాలయం బృందం 2016లో ప్రచురించిన సోషల్ యాంగ్జయిటీ పరీక్ష గురించి. మందు వాడినా నయం కాని 42 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి మామూలు వైద్యంతోపాటు సీబీటీ, రెండోవారికి మామూలు వైద్యం మాత్రమే ఇచ్చారు. ఎవరు ఏ గుంపో తెలియనివారు స్కోర్లు వేశారు. కొలత లీబోవిట్జ్ స్కేలు: 24 సందర్భాలు, ఒక్కోదానికి భయం 0 నుంచి 3, తప్పించుకోవడం 0 నుంచి 3, మొత్తం 144. 16 వారాల తర్వాత సీబీటీ గుంపు స్కోరు సగటున 40 పాయింట్లు పడిపోయింది, రెండో గుంపు ఉన్నచోటే ఉంది. స్పందించినవారు 86 శాతం ఒకవైపు, 10 శాతం ఇంకోవైపు. దాదాపు సగం మందిలో జబ్బు తగ్గిపోయింది, రెండో గుంపులో ఒక్కరికీ తగ్గలేదు. జాగ్రత్తగా చదవాల్సిందీ ఉంది. రెండో గుంపుకు ఇంకే మాటల చికిత్సా ఇవ్వలేదు కాబట్టి, సీబీటీ మరో థెరపీ కంటే మేలని ఈ పరీక్ష చెప్పదు. మందు ఒక్కదానితో ఆగిపోయినవారిని అలాగే వదిలేయడం తప్పని మాత్రం గట్టిగా చెబుతుంది.

వారానికొకటిగా సాగే ఆ 16 సెషన్లలో ఏం చేస్తారు? మొదట రోగి తాజా అనుభవం ఒకటి తీసుకుని భయం, దృష్టి తనమీదికే తిరగడం, రక్షణ చేష్టలు (భయపడింది జరగకుండా చాటుగా చేసే పనులు), మనసులో తన రూపం, ఇవన్నీ ఒకదాన్నొకటి ఎలా పెంచుతున్నాయో బొమ్మ గీస్తారు. తర్వాత ఒకే సంభాషణ రెండుసార్లు. ఒకసారి తనను తాను గమనించుకుంటూ, రక్షణ చేష్టలన్నీ వాడుతూ. రెండోసారి వాటిని వదిలేసి, దృష్టి ఎదుటి మనిషి మీద పెట్టి. రెండోదే సులువుగా ఉందని చాలామంది అక్కడే ఆశ్చర్యపోతారు. తర్వాత ఆ వీడియో చూపిస్తారు. ఇక్కడే తప్పు జరగడం తేలిక. వీడియో వేసే ముందు, తాను ఎలా కనిపిస్తానని అనుకుంటున్నారో రోగి చేత వివరంగా చెప్పించాలి. ముఖం ఎంత ఎర్రబడుతుందో రంగుల కార్డులో చూపించమనాలి. ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూడమనాలి. ఇవేవీ చేయకుండా నేరుగా వేస్తే, రోగి అప్పటి తన గుండెదడను గుర్తుచేసుకుంటూ చూసి, ‘చూశారా, నేను చెప్పినట్టే ఉన్నాను’ అంటారు. వీడియో భయాన్ని ఇంకా గట్టిచేస్తుంది.

రక్షణ చేష్టల్లో జపాన్‌కు ప్రత్యేకమైనది మాస్కు. జలుబు లేకపోయినా ముఖం దాచుకోవడానికి పెట్టుకునే మాస్కుకు ‘దాతె మాస్కు’ అనే పేరే ఉంది. అది పెట్టుకుని పది సమావేశాలకు వెళ్లొచ్చినా రోగి నేర్చుకునేది ‘మాస్కు ఉంది కాబట్టి గట్టెక్కాను’ అని మాత్రమే. తొంపుకు మాత్రదీ ఇదే సంగతి. పానిక్ ఉన్నవారికి ముందు ప్రతి స్టేషన్‌లోనూ ఆగే లోకల్ రైలు, తర్వాత మధ్యలో ఆగని ఎక్స్‌ప్రెస్, ఆఖర్న రద్దీ వేళ ఎక్స్‌ప్రెస్ అని మెట్లు కడతారు. ఒకటి రెండు నిమిషాలు వేగంగా ఊపిరి పీల్చి, స్ట్రా గుండా గాలి తీసుకుని, ఆ దడ ప్రాణం తీయదని ఒంటితోనే తెలుసుకుంటారు. జేబులో మాత్ర ఉన్నంతవరకూ ఈ మెట్లన్నీ ఎక్కినా లెక్కలోకి రావు. డాక్టరుతో మాట్లాడి, మాత్రను ఇంట్లో వదిలే రోజును మెట్లలో ఒకటిగా చేర్చాలి.

ఇతరులను నొప్పిస్తానన్న భయం ఉన్నవారికి ప్రయోగంలో ప్రశ్న మారాలి. ‘నేను తడబడితే నవ్వుతారా?’ అని పరీక్షిస్తే వారి అసలు భయం తగలదు. ‘నేను రెండు నిమిషాలు నేరుగా చూస్తే ఎదుటివారికి ఇబ్బంది కలిగిందా?’ అని రాయించి, ఆ ఎదుటివారినే అడిగించాలి. సంస్కృతికి తగ్గట్టు మార్చడం అంటే ఇదే. పద్ధతి అస్థిపంజరం మారదు, రాసిన జోస్యం మారుతుంది. ఒంటి వాసన భయం మాత్రం నమ్మకంగా గడ్డకట్టి ఉంటే ఈ 16 సెషన్లకు లొంగకపోవచ్చు, అంచనా ముందే జాగ్రత్తగా వేయాలి.

ఇంత పనికి ఎంత డబ్బు? 2010 ఏప్రిల్‌లో డిప్రెషన్‌కు సీబీటీని బీమాలో చేర్చినప్పుడు సెషన్‌కు 420 పాయింట్లు ఇచ్చారు. ఒక పాయింటు 10 యెన్‌లు, అంటే 4,200 యెన్‌లు. సెషన్ 30 నిమిషాలు దాటాలి, 16 సెషన్లకు మించి రాదు. అదే ఏడాది పట్టికలో మామూలు అవుట్‌పేషెంట్ సైకియాట్రీ సంప్రదింపు 5 నిమిషాలు దాటితే 330 పాయింట్లు. అరగంటలో ఆరేసి నిమిషాల చొప్పున ఐదుగురిని చూసిన డాక్టరుకు 16,500 యెన్‌లు, ఒక్కరికి సీబీటీ చేసిన డాక్టరుకు 4,200. ‘సంపున్ షింర్యో’, అంటే మూడు నిమిషాల వైద్యం, అని జనం విసుక్కునే దేశంలో ఈ లెక్క ఎటు నెడుతుందో చెప్పనక్కర్లేదు. బీమా క్లెయిముల లెక్కలు చూస్తే, డిప్రెషన్‌కు సీబీటీ అందుకున్నవారి సంఖ్య ఏళ్లు గడిచినా పెద్దగా పెరగలేదు. జపనీయులు మనసు విప్పి మాట్లాడరు కాబట్టే ఇలా జరిగిందనే మాట సులువైనది, కానీ తప్పు. పరీక్షల్లో మాట్లాడినవారూ జపనీయులే.

2016లో నర్సుకు చోటిచ్చారు. డాక్టరూ నర్సూ కలిసి చేస్తే 350 పాయింట్లు. నర్సు సెషన్ అయ్యాక డాక్టరు రోగితో కనీసం 5 నిమిషాలు మాట్లాడాలి, నర్సు మాటలను రోగి అనుమతితో రికార్డు చేసి డాక్టరుకు అందుబాటులో ఉంచాలి. డాక్టరు ఒక్కరే చేసే సెషన్‌కు తర్వాత 480 పాయింట్లు చేశారు. చికిత్స ఆరోగ్య శాఖ మాన్యువల్ ప్రకారం నడవాలి, జబ్బుకొక మాన్యువల్.

మరి సైకాలజిస్టులు? ఈ పని నేర్చుకున్నది ఎక్కువగా వాళ్లే. చిబాలో 2010 నుంచి బ్రిటన్ నమూనాలో నడిచిన శిక్షణలో తయారైనవారిలోనూ వాళ్లున్నారు. అయినా 2015లో చట్టం వచ్చి, 2017లో అమలై, 2018లో మొదటి పరీక్ష జరిగేదాకా వారికి జాతీయ లైసెన్సే లేదు. లైసెన్సు వచ్చాక కూడా సొంతంగా సీబీటీ బిల్లు వేసే వీలు కలగలేదు.

సమయం కరువును తీర్చడానికి ఇంకో దారి స్క్రీన్. చిబా బృందం 2018లో 30 మందికి, సోషల్ యాంగ్జయిటీ, పానిక్, ఓసీడీ ఒక్కోదానికి పది మంది చొప్పున, వీడియో కాల్‌లో 50 నిమిషాల సెషన్లు 16 నడిపి ఫలితాలు ప్రచురించింది. సోషల్ యాంగ్జయిటీకి బ్రిటన్‌లో తయారైన 14 వారాల ఇంటర్నెట్ కార్యక్రమాన్ని జపనీస్‌లోకి మార్చి 15 మందితో చేసిన పరీక్ష 2023లో వచ్చింది. అందులో పాఠాలు రోగి తనే చదువుకుంటారు, థెరపిస్టు సందేశాలతో, చిన్న కాల్స్‌తో వెంట ఉంటారు. ఒక్కో రోగికి పట్టే థెరపిస్టు సమయం బాగా తగ్గుతుంది.

2024 సవరణలో పట్టిక మళ్లీ మారింది. ట్రామా బాధితులకు సైకాలజిస్టు ఇచ్చే సాయానికి విడిగా కొన్ని పాయింట్లు చేర్చారు. సీబీటీ వరుసలో మాత్రం అప్పటికీ ‘డాక్టరు’, ‘డాక్టరు, నర్సు కలిసి’ అన్న ఆ రెండు మాటలే మిగిలాయి.