జేఎస్‌ఎఫ్ స్టేట్ గొడవ: మెలిక పడింది 2009లో

రుషికొండ ఐటీ హిల్స్ మీద పాత జావా ప్రాజెక్టులు చూసేవాళ్ళలో మళ్ళీ అదే రచ్చ. జేఎస్‌ఎఫ్ అంటే జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్. ఒకే సర్వర్ మీద ఏళ్ళ తరబడి నడిచిన జేఎస్‌ఎఫ్ అప్లికేషన్‌ని రెండు సర్వర్ల మీదకి మార్చారు, ఫారం సగంలో ఉండగా వ్యూఎక్స్‌పైర్డ్ఎక్సెప్షన్ (పేజీ స్టేట్, అంటే పేజీ అప్పటికి ఏ స్థితిలో ఉందన్న సమాచారం, దొరకలేదని), లాగ్ తెరిస్తే నాట్‌సీరియలైజబుల్ఎక్సెప్షన్ (ఆబ్జెక్టుని సీరియలైజ్ చెయ్యలేమని, అంటే పంపడానికో దాచడానికో బైట్లుగా మార్చలేమని). సర్వర్లు చూసేవాళ్ళేమో కోడ్‌దే తప్పంటున్నారు, కోడ్ రాసినవాళ్ళేమో "స్టేట్ క్లయింట్‌కి మార్చీండి గురూ, వదిలిపోద్ది" అంటున్నారు, అంటే స్టేట్‌ని సర్వర్‌లోని సెషన్‌లో కాకుండా యూజర్ బ్రౌజర్‌లో ఉంచమని.

నా లెక్కలో కథంతా 2009లో వచ్చిన జేఎస్‌ఎఫ్ 2.0 దగ్గరుంది. అంతకుముందు పేజీలోని కాంపొనెంట్ల (బటన్లు, టెక్స్ట్ బాక్సుల్లాంటివి) స్టేట్ మొత్తం సేవ్ అయ్యేది, సొంత కాంపొనెంట్ రాస్తే సేవ్‌స్టేట్ మెథడ్ కూడా మనమే రాయాలి, విసుగే గానీ ఏది లోపలికెళ్తోందో కళ్ళముందే ఉండేది. 2.0లో పార్షియల్ స్టేట్ సేవింగ్ పెట్టారు. కాంపొనెంట్ ట్రీని ఫేస్‌లెట్స్ (జేఎస్‌ఎఫ్ టెంప్లేట్) పేజీ నుంచి ప్రతిసారీ మళ్ళీ కట్టి, కట్టాక మారిన వాటిని మాత్రమే సేవ్ చేస్తుంది, ఆ పని స్టేట్‌హెల్పర్ అనే క్లాస్ చూసుకుంటుంది. సైజు బాగా తగ్గింది, అది నిజంగా మంచి పనే. కాకపోతే స్టేట్‌హెల్పర్‌లో పుట్ అని కొడితే చాలు కాబట్టి సర్వీస్ ఆబ్జెక్టులు, ఎక్కడెక్కడివో బీన్‌లు (పేజీ వెనకుండే జావా ఆబ్జెక్టులు) కూడా అందులో పడేయడం అలవాటైపోయింది.

పడేసినా ఏమీ కాలేదు, అదే అసలు చిక్కు. స్టేట్ సర్వర్‌లోనే ఉంచే పద్ధతిలో మొజర్రా (జేఎస్‌ఎఫ్‌ని నడిపే లైబ్రరీ) డిఫాల్ట్‌గా స్టేట్‌ని సీరియలైజ్ చెయ్యదు, ఆబ్జెక్టులని ఉన్నవున్నట్టే సెషన్‌లో పెట్టుకుంటుంది. రెండో సర్వర్‌కి సెషన్ కాపీ చెయ్యాల్సొచ్చిన రోజున బయటపడుద్ది, అప్పటికి రాసినోడు ఇంకో కంపెనీలో ఉంటాడు! 2013లో 2.2 వచ్చినప్పుడు సీరియలైజ్ సర్వర్ స్టేట్ అనే సెట్టింగ్‌ని స్టాండర్డ్‌లోకే తెచ్చారు, అది ట్రూ పెడితే సర్వర్ పద్ధతిలో కూడా స్టేట్ సీరియలైజ్ అవుతుంది, అలా పెట్టుకునుంటే డెవలపర్ సొంత మెషీన్ మీదే దొరికేసేది.

స్టేట్ క్లయింట్‌కి మార్చాలన్న కోడ్ వాళ్ళ మాటలో అసలు పస లేదని కాదు, సెషన్ మెమరీ భారం తగ్గేది నిజమే, మొజర్రా డిఫాల్ట్‌గా సెషన్‌లో 15 వ్యూలే (తెరిచిన పేజీల స్టేట్‌లే) గుర్తుంచుకుంటుంది కాబట్టి ట్యాబ్‌లు ఎక్కువ తెరిచే యూజర్‌కి పాత ట్యాబ్ పోయే బాధ కూడా తప్పుద్ది. కానీ క్లయింట్ పద్ధతిలో ప్రతి రిక్వెస్ట్‌కీ సీరియలైజేషన్ జరగాల్సిందే, అంటే ఆ బీన్ మొదటి పేజీలోనే పేలుద్ది. పైగా ఎన్‌క్రిప్షన్ కీ మనం ఇవ్వకపోతే ఏ సర్వర్‌కా సర్వర్ స్టార్టయ్యేటప్పుడు సొంతంగా తయారుచేసుకుంటుంది, ఒకటి మూసింది ఇంకోటి తెరవలేదు, మళ్ళీ అదే ఎక్సెప్షన్. 2010లో సెక్యూరిటీ పరిశోధకులు రిజో, డువాంగ్ ప్యాడింగ్ ఒరాకిల్ దాడితో (కీ తెలియకుండానే ఎన్‌క్రిప్షన్ విప్పే పద్ధతి) బ్రౌజర్‌కెళ్ళే జేఎస్‌ఎఫ్ వ్యూస్టేట్‌ని విప్పి చూపించారు, 2015లో కామన్స్ కలెక్షన్స్ అనే జావా లైబ్రరీతో డీసీరియలైజేషన్ (బైట్లని మళ్ళీ ఆబ్జెక్టులుగా మార్చడం) గోల తర్వాత ఆ కీ బయటకి పొక్కితే సర్వరే చేజారినట్టని అందరికీ అర్థమైంది. అయినా క్లయింట్‌కి మార్చడాన్ని చిటికెలో మార్చేసే సెట్టింగ్ అన్నట్టు మాట్లాడుతున్నారు.

సర్వర్ వాళ్ళు అడిగేది సీరియలైజ్ సర్వర్ స్టేట్ ఆన్ చేసి ఒకసారి టెస్ట్ చేయమని. "ఆల్రెడీ ఆన్‌లోనే ఉంది, ఏం ఎర్రర్ రాలేదు" అని కోడ్ వాళ్ళ జవాబు. కానీ జకార్తా ఫేసెస్ (జేఎస్‌ఎఫ్ కొత్త పేరు) 3.0 నుంచి ఆ సెట్టింగ్ పేరు ముందు జావాఎక్స్ బదులు జకార్తా ఉండాలి, పాత పేరుతో వెబ్ ఎక్స్‌ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్లో అలాగే వదిలేస్తే ఎర్రరూ రాదు, సెట్టింగూ పనిచెయ్యదు. వీళ్ళ ఫైల్లో ఏ పేరుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.