పాల సంఘం అధ్యక్ష పీఠం: రైతు చేతికి ఎలా వచ్చింది, ఎందుకు జారింది

ఊరి పాల సొసైటీకి డైరెక్టరుగా ఎన్నికైన రైతు కొన్నేళ్లకు దాని అధ్యక్షుడవుతాడు. అక్కణ్నుంచి జిల్లా యూనియన్ బోర్డుకు, ఒక్కోసారి రాష్ట్ర సమాఖ్యకు వెళ్తాడు. మధ్యలో పరపతి సంఘం బాధ్యతా మీద పడుతుంది. ఇలా జీవితమంతా సంఘాల్లోనే గడిపిన పాడి రైతుల్ని చూసి పదవీ వ్యామోహం అనేవాళ్లున్నారు. ఆ మాట తొందరపాటు అని నా అభిప్రాయం. ధాన్యం రేటు నచ్చకపోతే కొన్నాళ్లు నిల్వ పెట్టి ఆగొచ్చు. పొద్దున పిండిన పాలు ఆగవు. రోజూ రెండు పూటలా అమ్మాల్సిందే. కొనేవాడు ఒక్కడే అయితే అతను చెప్పిందే ధర, అతను కొలిచిందే వెన్న శాతం. అందుకే పాడి ఉన్నచోట సంఘం లేకుండా రైతుకు గడవదు. సంఘమంటూ ఉన్నాక దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషీ కావాలి.

మన దేశంలో ఈ కథకు మొదలు గుజరాత్‌లోని ఖేడా జిల్లా. 1945లో బొంబాయికి పాలు పంపే పథకం మొదలైంది. సేకరణ హక్కు పోల్సన్ అనే ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంది. నగరంలో పాలకు మంచి ధరే పలికినా అది రైతు దాకా రాలేదు. రైతులు సర్దార్ పటేల్ దగ్గరికి వెళ్తే, సొంతంగా సంఘం పెట్టుకోండి, అవసరమైతే పాలు పోయడం ఆపేయండి అన్నారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయ్ సమక్షంలో సభ జరిగింది. తర్వాత పదిహేను రోజులు రైతులు కంపెనీకి చుక్క పాలు పోయలేదు. ప్రభుత్వం దిగొచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 14న జిల్లా యూనియన్ రిజిస్టరైంది. మొదట్లో రెండు ఊళ్ల సంఘాలు, రోజుకు 250 లీటర్ల పాలు, అంతే.

దాని అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లిన మనిషి. ఊరూరా తిరిగి సంఘాలు కట్టించారు, పాతికేళ్లకు పైగా ఆ కుర్చీలో ఉన్నారు. ఆ యూనియన్ పాల బ్రాండే అమూల్. అమూల్ అనగానే అందరూ కురియన్ పేరే చెబుతారు. కానీ 1949లో యూనియన్ కేంద్రమైన ఆనంద్ పట్టణానికి వచ్చిన ఆ ఇంజినీరును నమ్మి, పని అప్పగించి, రాజకీయాల ఒత్తిడి అతని మీద పడకుండా కాచుకున్నది ఈ అధ్యక్షుడే. విధానం రైతు ప్రతినిధులది, నిర్వహణ జీతం తీసుకునే నిపుణులది అన్న విభజన అక్కడే కుదిరింది. 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ), 1970లో ఆపరేషన్ ఫ్లడ్ పథకం వచ్చింది ఈ నమూనాను దేశమంతా పరచడానికే.

మన దగ్గర మాత్రం దారి తిరగబడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముందు వచ్చింది ప్రభుత్వ కార్పొరేషన్, 1974లో. రైతు సంఘాల సమాఖ్య ఏర్పడింది 1981లో. కాగితం మీద ఊరి సంఘం, జిల్లా యూనియన్, రాష్ట్ర సమాఖ్య అనే మూడంచెల ఆనంద్ నమూనాయే. చట్టం మాత్రం 1964 నాటి సహకార సంఘాల చట్టం. దాని ప్రకారం ప్రభుత్వం ఎన్నికలు వాయిదా వేయొచ్చు, పాలకవర్గాన్ని పక్కనపెట్టి తాను నియమించిన పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టొచ్చు. సహకార చట్టం మొదట 1904లో బ్రిటిష్ పాలనలో వచ్చింది. సంఘాల మీద ప్రభుత్వ అధికారి అయిన రిజిస్ట్రార్ పెత్తనం అప్పటి నుంచీ ఉన్నదే. పాలు పోసేది రైతు, తాళాలు అధికారి దగ్గర. ఎన్నాళ్లు కష్టపడి ఎదిగిన నాయకుడైనా ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పోవాల్సిందే.

దీనికి విరుగుడుగా 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. జనం దాన్ని మ్యాక్స్ చట్టం అంటారు. ప్రభుత్వ వాటా ధనం తీసుకోకుండా, సొంత నియమావళి (బైలా)తో, సొంత ఎన్నికలతో నడుపుకునే హక్కు సంఘాలకు దక్కింది. దేశంలో ఇలాంటి చట్టం మొదట చేసింది మన రాష్ట్రమే. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. పలు పాల యూనియన్లు ఈ చట్టంలోకి మారాయి. 2006లో ప్రభుత్వం డెయిరీలను మళ్లీ పాత చట్టం కిందికి లాగుతూ సవరణ చేసింది, అదీ 1995 నుంచే వర్తించేలా. హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖరారు చేసింది. సభ్యులు ఇష్టపడి ఎంచుకున్న చట్టం నుంచి వాళ్లను బలవంతంగా బయటికి లాగకూడదన్నది ఆ పోరాటంలో రైతులు గెలుచుకున్న మాట.

స్వేచ్ఛ వచ్చాక కొత్త చిక్కు మొదలైంది. అధికారి పోయిన చోట కొన్ని సంఘాల్లో ఒకే మనిషి, ఆ తర్వాత అతని ఇంటివాళ్లు పాతుకుపోయారు. 97వ రాజ్యాంగ సవరణ పాలకవర్గానికి అయిదేళ్ల గడువు, 21 మంది డైరెక్టర్ల పరిమితి పెట్టింది. రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదని 2021లో సుప్రీంకోర్టు ఒకే రాష్ట్రంలో పనిచేసే సంఘాలకు దాన్ని చెల్లకుండా చేసింది. సాంకేతికంగా తీర్పు సరైనదే. అయినా ఎంతకాలం కుర్చీలో ఉండొచ్చన్న ప్రశ్నకు సభ్యులే తమ బైలాలో జవాబు రాసుకోవాలి. ఆ పని చాలాచోట్ల జరగలేదు.

ఇంకో లోటు ఇంతకంటే పెద్దది. గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది ఎక్కువగా ఆడవాళ్లు. సొసైటీ పుస్తకంలో సభ్యత్వం మాత్రం మగవాళ్ల పేరున. సభ్యత్వం లేనివాళ్లకు ఓటు లేదు, ఓటు లేకపోతే అధ్యక్ష పదవి మాటే లేదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో మొదలైన మహిళా డెయిరీ దీన్ని మార్చి చూపించింది. మ్యాక్స్ చట్టం కిందే పెట్టుకున్న ఆ సంఘంలో సభ్యులూ మహిళలే, డైరెక్టర్లూ మహిళలే. ‘స్వకృషి’ పేరుతో వాళ్ల పాలు మార్కెట్‌కు వచ్చాయి. మిగతా యూనియన్లు కనీసం సభ్యత్వ పుస్తకంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయడంతోనైనా మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చాలు.