యుద్ధం వద్దన్న నాయకులు, పత్రికలు: అపోహలు - వాస్తవాలు

యుద్ధాన్ని వ్యతిరేకించే నాయకులతో పత్రికలు ఎలా వ్యవహరిస్తాయనే దానిపై కొన్ని వాదనలు తరచూ వినిపిస్తాయి. వార్తలు దిద్దే డెస్కులో పనిచేసేవారికి అవి కొత్త కాదు. అమెరికా చరిత్రలోని రెండు ఉదంతాలతో వాటిని పరిశీలిద్దాం.

అపోహ: యుద్ధాన్ని వ్యతిరేకించే నాయకుణ్ని దెబ్బతీసేది సంపాదకీయాలే.

వాస్తవం: సంపాదకీయం పత్రిక అభిప్రాయమని పాఠకుడికి తెలుసు. నచ్చకపోతే పేజీ తిప్పేస్తాడు. వార్తను అలా అనుమానించడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917 ఏప్రిల్‌లో జర్మనీపై యుద్ధ తీర్మానం అమెరికా ఎగువ సభ సెనేట్‌లో 82-6 ఓట్లతో నెగ్గింది. కాదన్న ఆరుగురిలో విస్కాన్సిన్ సెనేటర్ రాబర్ట్ లాఫాలెట్ ఒకరు. అదే ఏడాది సెప్టెంబరు 20న మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ సభలో ఆయన, జర్మనీ వల్ల అమెరికాకు అన్యాయం జరిగిన మాట నిజమేనని, అయితే యుద్ధానికి దిగడానికి అది చాలదని వాదించారు. పత్రికలకు వార్తలు అందించే సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ పంపిన వార్తలో మాత్రం, జర్మనీ అమెరికాకు ఏ అన్యాయమూ చేయలేదని ఆయన అన్నట్టు వచ్చింది. అర్థం పూర్తిగా తలకిందులైంది. పత్రికలు ఆయనను దేశద్రోహిగా చిత్రించాయి. సెనేట్ నుంచి బహిష్కరించాలని మిన్నెసోటా ప్రజాభద్రతా కమిషన్ అర్జీ పెట్టింది.

అపోహ: సవరణ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: తప్పు జరిగిందని అసోసియేటెడ్ ప్రెస్ 1918 మే నెలలో ఒప్పుకుంది. అప్పటికి ఎనిమిది నెలలు గడిచాయి. బహిష్కరణ అర్జీని సెనేట్ 50-21 ఓట్లతో తోసిపుచ్చింది 1919 జనవరిలో, అంటే యుద్ధం ముగిశాక. మొదటి పేజీలో తప్పు చదివిన వారందరూ లోపలి పేజీలో సవరణ వెతుక్కోరు. ఈ సంగతి మా డెస్కులో అందరికీ తెలుసు, పైకి అనం.

అపోహ: పత్రికలన్నీ ఒకటే రాశాయంటే దేశమంతా అలాగే అనుకుందన్నమాట.

వాస్తవం: ఒకే వార్తాసంస్థ కాపీని వందల పత్రికలు వేసుకుంటే అది వంద సాక్ష్యాలు కాదు, ఒకటే. పైగా భిన్నంగా రాసేవారికి దారులు మూసుకుపోయాయి. 1917 గూఢచర్య చట్టం కింద సోషలిస్టు దినపత్రిక మిల్వాకీ లీడర్‌కు చౌక తపాలా సౌకర్యం రద్దయింది. ఆ చర్యను 1921లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

అపోహ: ఉదారవాద పత్రికలు శాంతివాదుల పక్షాన నిలుస్తాయి.

వాస్తవం: 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధాన్ని ఖండించారు. మూడు రోజులకే న్యూయార్క్ టైమ్స్ దాన్ని ‘డాక్టర్ కింగ్ పొరపాటు’ అంటూ సంపాదకీయం రాసింది. వాషింగ్టన్ పోస్ట్ అయితే, తన ఉద్యమానికీ దేశానికీ ప్రజలకూ ఆయన ఉపయోగం తగ్గిపోయిందని తేల్చేసింది. పౌరహక్కుల గురించి మాట్లాడినంతకాలం మెచ్చుకున్న పత్రికలే ఇవి! నాలుగేళ్ల తర్వాత, వియత్నాం విషయంలో ప్రభుత్వాలు ప్రజల దగ్గర ఏమేమి దాచాయో చెప్పే పెంటగాన్ పత్రాలను ప్రచురించి కోర్టుల్లో పోరాడినవాటిలో ఈ రెండూ ఉన్నాయి. అప్పటికి కింగ్ బతికి లేరు.