ఇంప్రూవ్‌మెంట్ ఐడియాల్లో ఏది ముందు? కొన్ని అపోహలు, వాస్తవాలు

ట్యాబ్లెట్ల ప్లాంట్లలో ఏ కైజెన్ (పనిని కొద్దికొద్దిగా మెరుగుపరచుకునే పద్ధతి) మీటింగుకి వెళ్లినా ఈ మాట వినపడుతుంది: "సార్, మా ఐడియాతో షిఫ్టుకి గంట మిగులుతుంది, ముందు మాదే చేయాలి." వెంటనే, ఐడియాల్ని లాభం, శ్రమ లెక్కన నాలుగు గడుల్లో సర్దే బోర్డు మీద 'లాభం ఎక్కువ, శ్రమ తక్కువ' గడిలో చీటీ అతికించేస్తారు.

అపోహ: ఎక్కువ టైమ్ మిగిల్చే ఐడియాకే ఎక్కువ లాభం.

టైమ్ ఎక్కడ మిగులుతోందో ముందు చూడండి బాబూ! పొడిని గుళికలు చేసే గ్రాన్యులేషన్, ట్యాబ్లెట్లుగా నొక్కే కంప్రెషన్, పైపూత వేసే కోటింగ్, ప్యాకింగ్... వీటిలో ఏది అన్నిటికంటే నెమ్మదో, ప్లాంటు మొత్తం నడిచేది ఆ వేగంతోనే. నేను చూసిన ఒకచోట, వాలిడేట్ చేసిన (పరీక్షించి సరైనదని రుజువు చేసిన) రేంజ్‌లోనే కంప్రెషన్ స్పీడు పెంచారు. చప్పట్లు, ఫొటోలు అన్నీ అయ్యాయి. డిస్పాచ్ మాత్రం ఒక్క పెట్టె పెరగలేదు. ఎందుకంటే ట్యాబ్లెట్లని స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే బ్లిస్టర్ లైను ఒక్కటే. బల్క్ ట్యాబ్లెట్ల డబ్బాలు పేరుకుపోయి, హోల్డ్ టైమ్ (ప్యాకింగ్‌కి ముందు నిల్వ ఉంచగలిగే గడువు) దాటుతుందేమోనని క్యూఏ (నాణ్యతకి హామీ ఇచ్చే విభాగం) వాళ్లకి కొత్త టెన్షన్.

అదే మీటింగులో ప్యాకింగ్ ఆపరేటర్ ఒకమ్మాయి ఇంకో మాట చెప్పింది. ప్రొడక్ట్ మారిన ప్రతిసారీ లైను ఆపాక స్ట్రిప్పులో గుంతలు చేసే ఫార్మింగ్ ప్లేట్లు, వాటిని మూసే సీలింగ్ ప్లేట్లు వెతుక్కుంటున్నారట. అవన్నీ ముందే ఒక ట్రాలీ మీద సర్దిపెడితే చాలంది. "పావుగంట కోసమా?" అని పక్కన పెట్టేశారు. ఆ పావుగంట నేరుగా స్ట్రిప్పులవుతుంది. కంప్రెషన్‌లో మిగిలిన గంట ఖాళీగానే పోతుంది.

కాబట్టి చీటీ అతికించే ముందు ఫ్లోర్ మీద ఓ రౌండు వేయండి. సరుకు ఎక్కడ పేరుకుందో దాని తర్వాతి స్టేజిని అనుమానించండి. ఒక్కోసారి అది మెషీనే కాదు, క్యూసీ (నాణ్యత పరీక్షించే ల్యాబ్) రిపోర్టు కోసం ఎదురుచూపు.

అపోహ: శ్రమ అంటే కొనే ఖర్చు.

ప్రాసెస్ పారామీటర్ (స్పీడు, వేడి లాంటి సెట్టింగ్) ముట్టుకుని చూడండి. చేంజ్ కంట్రోల్ (మార్పుకి రాతపూర్వక అనుమతి), వాలిడేషన్ బ్యాచ్‌లు, ఎస్‌వోపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం) మార్పు, మళ్లీ ట్రైనింగ్. పైసా ఖర్చులేని ఐడియా నెలల తరబడి సాగుతుంది.

అపోహ: సులువైనవన్నీ అయ్యాకే పెద్దవి.

అలాగైతే పెద్దది ఎప్పటికీ మొదలవదు. చిన్నవి నడుస్తుండగానే ఒక పెద్దదాన్ని పట్టుకోండి.

అపోహ: టైమ్ మిగిలితే మనుషుల్ని తీసేస్తారు.

క్యాంటీన్‌లో తిరిగే ఈ మాటకి భయపడి నోరు విప్పని వాళ్లు చాలామంది. వాళ్లని తప్పుపట్టలేను, కొన్నిచోట్ల అలా జరిగింది కూడా. పని తగ్గిన మనుషుల్ని ఎక్కడ వేస్తారో మేనేజరు ఐడియాలు అడిగే రోజే అందరి ముందూ చెప్పాలి. నెమ్మదిగా నడిచే లైనుకి ఎలాగూ చేతులు కావాలి కదా, అక్కడికే పంపొచ్చు.